వేరే దళంలో ఎక్స్‌ఛేంజ్ పోస్టింగ్ వస్తే ఆఫీసర్ కెరీర్‌కి మంచిదేనా?

రాధ_విజయనగరం:
అందరికీ నమస్కారం. మా అన్నయ్య ఆర్మీలో మేజర్, కోరుకొండ సైనిక్ స్కూల్లో చదివి అక్కణ్ణుంచి ఎన్‌డీఏకి వెళ్ళాడు. ఈమధ్యే ఆర్డర్ వచ్చింది, కొన్నాళ్ళు నేవీ యూనిట్‌లో పని చేయాలట, అదీ విశాఖలో. ఇంటికి దగ్గరని అమ్మ సంబరపడిపోతోంది గానీ వదినకి మాత్రం ఒకటే టెన్షన్. సొంత రెజిమెంట్ వాళ్ళ కళ్ళెదుట లేకపోతే ప్రమోషన్ బోర్డులో ఎవరు గుర్తుపెట్టుకుంటారని అన్నయ్య బ్యాచ్ వాళ్ళెవరో అన్నారట. అన్నయ్యని అడిగితే "పోస్టింగ్ అంటే పోస్టింగే" అని ఊరుకుంటాడు. ఒక దళం ఆఫీసరు ఇంకో దళంలో పని చేస్తే నిజంగా నష్టమా? అలా వెళ్ళి పేరు తెచ్చుకున్నవాళ్ళు ఎవరైనా ఉన్నారా? కాస్త వివరంగా రాయండి, వదినకి చూపిస్తాను.

మాజీ_వాయుసైనికుడు:
రాధమ్మా, ముందు మీ అన్నయ్యకి నా అభినందనలు చెప్పు. ఇది శిక్ష కింద వేసే పోస్టింగ్ కాదు, ఆ భయం వదిలేయమను. 2023లో మేజర్, లెఫ్టినెంట్ కమాండర్, స్క్వాడ్రన్ లీడర్ స్థాయి వాళ్ళని సుమారు వంద మందిని మూడు దళాల మధ్య అటూ ఇటూ మార్చి వేశారు. కారణం తెలిస్తే వదినగారికి కాస్త ధైర్యం వస్తుంది. బ్రహ్మోస్ క్షిపణే తీసుకో, ఆర్మీ దగ్గరా ఉంది, నేవీ దగ్గరా ఉంది, ఎయిర్‌ఫోర్స్ దగ్గరా ఉంది. ఒకే సరుకుని ముగ్గురూ మూడు పద్ధతుల్లో చూసుకుంటే ఖర్చూ ఎక్కువే, యుద్ధం వచ్చినప్పుడు తికమకా ఎక్కువే. రేపు థియేటర్ కమాండ్‌లు వస్తే ఒకే కమాండర్ కింద ముగ్గురూ పని చేయాలి కదా, అప్పటికి పక్క దళం ఎలా ఆలోచిస్తుందో లోపల ఉండి చూసినవాళ్ళు కావాలి. మూడు దళాలూ కలిసి పని చేసే అండమాన్ నికోబార్ కమాండ్‌లో 2001 నుంచి జరుగుతున్నది అదే.

ఇక ప్రమోషన్ సంగతి. అసలు చిక్కు ఏసీఆర్ దగ్గర, అంటే పై ఆఫీసరు ఏటా రాసే పనితీరు రిపోర్ట్ దగ్గర ఉంటుంది. రిపోర్ట్ రాసేది నేవీ ఆఫీసరైతే, చదివే బోర్డు ఆర్మీది. ఇద్దరి కొలతలూ ఒకటే కాకపోవచ్చు. పైగా కర్నల్ బోర్డుకి క్రైటీరియా అపాయింట్‌మెంట్, అంటే ప్రమోషన్‌కి తప్పక చేయాల్సిన పోస్టుల రిపోర్టులు లెక్కలోకి వస్తాయి. కాబట్టి ఈ టెన్యూర్ ఎలా లెక్కిస్తారో, రిపోర్ట్ గొలుసులో ఆర్మీ వైపు నుంచి ఎవరుంటారో వెళ్ళే ముందే ఎంఎస్ బ్రాంచ్‌ని (ఆర్మీలో ఆఫీసర్ల పోస్టింగులు, ప్రమోషన్లు చూసే విభాగం) రాతపూర్వకంగా అడగమను. నోటిమాట మీద వెళ్ళొద్దను.

గగనవిహారి:
పేరు తెచ్చుకున్నవాళ్ళు లేకేం! జాన్ గ్లెన్ అంటే 1962లో భూమి చుట్టూ తిరిగొచ్చిన అమెరికన్‌గానే అందరికీ తెలుసు, అంతకు ముందు ఆయన మెరైన్ కోర్‌లో (అమెరికా ఎయిర్‌ఫోర్స్‌కి వేరైన దళం) మేజర్. కొరియా యుద్ధంలో మెరైన్ల పాంథర్ జెట్‌ల పని ఎక్కువగా నేల మీది లక్ష్యాలని కొట్టడం. శత్రువుల మిగ్ ఫైటర్‌లతో గాలిలో తలపడే అవకాశం ఎయిర్‌ఫోర్స్ సేబర్‌లకే ఎక్కువ. అందుకే ఎక్స్‌ఛేంజ్ మీద ఎయిర్‌ఫోర్స్ 25వ ఫైటర్ స్క్వాడ్రన్‌కి వెళ్ళి, 1953 జులై 12, 19, 22 తేదీల్లో మూడు మిగ్-15లని కూల్చాడు. 27న యుద్ధవిరమణ వచ్చేసింది. నడిపింది ఎయిర్‌ఫోర్స్ విమానమే అయినా దాని పక్కన "మిగ్ మ్యాడ్ మెరైన్" అని రాసి ఉండేది. ఎంత ముచ్చటగా ఉంటుందో ఆ సంగతి తలుచుకుంటే!

నాకు మాత్రం అంతకన్నా ఇష్టమైన మనిషి ఎరిక్ బ్రౌన్, బ్రిటిష్ రాయల్ నేవీ పైలట్. 487 రకాల విమానాలు నడిపాడు, ఓడల మీద 2,407 సార్లు దిగాడు, 1945 డిసెంబర్ 3న విమానవాహక నౌక మీద జెట్‌ని దించిన మొదటివాడూ ఆయనే. ఎన్నో ఏళ్ళు నేవీ యూనిఫారంలోనే ఉండి ఫార్న్‌బరో పరిశోధన కేంద్రంలో టెస్ట్ పైలట్‌గా పని చేసి, 1951లో ఎక్స్‌ఛేంజ్ మీద అమెరికా నేవీ టెస్ట్ సెంటర్ పాటక్సెంట్ రివర్‌కి వెళ్ళాడు. అక్కడ జరిగిందే రాధగారు వదినకి చెప్పాల్సింది.

అప్పటికి జెట్‌లు బరువెక్కిపోయాయి, వాటిని ఓడ మీంచి విసిరే పాత హైడ్రాలిక్ కాటపుల్ట్‌లు చాలడం లేదు. బ్రిటిష్ వాళ్ళు ఓడ బాయిలర్ ఆవిరితోనే తోసే స్టీమ్ కాటపుల్ట్ తయారుచేసి, పెర్సియస్ అనే ఓడ మీద పెట్టి ఫిలడెల్ఫియాకి తెచ్చారు. మామూలుగా ఓడ గాలికి ఎదురుగా దూసుకుపోతుంటే, ఆ ఎదురుగాలి కూడా విమానం లేవడానికి సాయపడుతుంది. ఆ రోజేమో ఓడ రేవులోనే కట్టేసి ఉంది, గాలి సరిగ్గా లేదు. అమెరికన్లు వెనకాడుతుంటే బ్రిటిష్ వాళ్ళు మేం మా పైలట్‌ని పణంగా పెడతాం, మీరు మీ పాంథర్‌ని పెట్టండి అన్నారు. ఆ పైలట్ బ్రౌనే. కాటపుల్ట్ విసిరింది, విమానం లేచింది, అమెరికా నేవీ ఆ కాటపుల్ట్‌ని తీసుకుంది. 1961లో మనకొచ్చిన పాత విక్రాంత్ మీద ఉన్నదీ స్టీమ్ కాటపుల్టే. ఆ కాక్‌పిట్‌లో కూర్చోవాలంటే తన దేశం చేసిన యంత్రం మీద నమ్మకం ఉండాలి, ఎదుటివాళ్ళ విమానం మీద పట్టు ఉండాలి. ఒకే మనిషికి రెండూ ఉండటానికి ఎక్స్‌ఛేంజే కారణం.

వైజాగ్_నేవీ_ఇల్లాలు:
గగనవిహారి గారూ, చాలా బాగా రాశారు, చదువుతుంటే ఒళ్ళు పులకరించింది. కానీ రాధ వాళ్ళ వదిన అడిగింది ప్రమోషన్ గురించి. బ్రౌన్ 1970లో నేవీ కెప్టెన్ హోదాలోనే (ఆర్మీ కర్నల్‌కి సమానం) రిటైరయ్యారు, అడ్మిరల్ కాలేదు. గ్లెన్ కూడా మెరైన్స్ నుంచి కర్నల్‌గానే బయటికొచ్చారు. పేరు వేరు, ర్యాంకు వేరు. పైగా ఇద్దరూ పైలట్లు, ఎక్కడికి వెళ్ళినా చేతికొచ్చేది విమానమే. ఆర్మీ మేజర్‌కి నేవీ యూనిట్‌లో అలా కాదు, మొదటి కొన్ని నెలలు పని నేర్చుకోవడానికే సరిపోతాయి.

అయినా భయపడొద్దని చెప్పమ్మా. ఇక్కడికొచ్చే ఆర్మీ ఆఫీసర్లు తమ ఆలివ్ గ్రీన్ యూనిఫారమే వేసుకుంటారు, సెల్యూట్ కూడా అరచెయ్యి ఎదుటివాళ్ళకి కనబడేలా తమ పద్ధతిలోనే చేస్తారు. మా వాళ్ళది అరచెయ్యి కిందికి ఉండే సెల్యూట్. ఎవరూ మార్చుకోమనరు. క్వార్టర్ దొరకడానికి మాత్రం టైమ్ పడుతుంది, పిల్లలుంటే కేంద్రీయ విద్యాలయ సీటు కోసం ఇప్పుడే కదలండి.

రాధ_విజయనగరం:
చాలా థాంక్స్ అండీ అందరికీ. ఇంకొక్కటి, పొరపాటున అక్కడేదైనా క్రమశిక్షణ గొడవ వస్తే ఏ చట్టం వర్తిస్తుంది? వేరే దేశాలకి వెళ్ళేవాళ్ళకీ ఇంతేనా?

మాజీ_వాయుసైనికుడు:
మీ అన్నయ్యకి ఎక్కడున్నా ఆర్మీ చట్టమే. మూడు దళాలకీ మూడు వేరు చట్టాలు కాబట్టి ఇదివరకు ఏదైనా జరిగితే మనిషిని సొంత దళానికి తిప్పి పంపేవాళ్ళు. ఇంటర్ సర్వీసెస్ సంస్థల కమాండర్లకి మూడు దళాల వాళ్ళ మీదా క్రమశిక్షణాధికారం ఇస్తూ 2023లో చట్టం చేశారు, 2024 మే నుంచి అమల్లో ఉంది. అది అండమాన్ కమాండ్ లాంటి ఉమ్మడి సంస్థలకి. మామూలు నేవీ యూనిట్ అయితే లెక్క వేరు, కాబట్టి పోస్టింగ్ ఆర్డర్‌లో యూనిట్ ఏ కోవలోకి వస్తుందో చూసుకోమను.

గగనవిహారి:
వేరే దేశం అయితే సొంత ప్రభుత్వం ఒప్పుకోనిదే యుద్ధంలో దిగడానికి వీల్లేదు. కొరియాకి కెనడా ఫైటర్ స్క్వాడ్రన్‌ని పంపలేదు గానీ 22 మంది పైలట్లని అమెరికా స్క్వాడ్రన్‌లలోకి పంపింది. మనవాళ్ళూ ఉన్నారు. ఈజిప్టు సొంతంగా కట్టుకున్న హెచ్ఏ-300 ఫైటర్‌ని 1964 మార్చి 7న మొదటిసారి గాల్లోకి లేపింది మన ఎయిర్‌ఫోర్స్ టెస్ట్ పైలట్ కపిల్ భార్గవ. వేరే దేశం తన మొట్టమొదటి ప్రోటోటైప్‌ని మన ఆఫీసరు చేతికిచ్చింది, ఈ విషయం మన స్కూలు పుస్తకాల్లో ఉండాలి. బోర్డు లెక్కలు వైజాగ్ అమ్మ చెప్పినట్టే ఉండొచ్చు. నన్నడిగితే మాత్రం, ఎంఎస్ బ్రాంచ్ నుంచి కాగితం తెచ్చుకుని మీ అన్నయ్య వెళ్ళాలనే అంటాను.