ఎడిట్ చేసిన బీపీటీ (కమల) వేయొచ్చా, వద్దా?

శివారు_మడి: 2025 మేలో కేంద్రం ప్రకటించిన రెండు జీన్ ఎడిటింగ్ వరి రకాల్లో కమల మన బీపీటీ 5204 (సాంబ మసూరి) నుంచి వచ్చిందే. రాజేంద్రనగర్ వరి పరిశోధన సంస్థ తయారు చేసింది. దాదాపు 20 రోజులు ముందే కోతకొస్తుందంటున్నారు. విత్తనం దొరికితే రెండెకరాల్లో వేద్దామని ఉంది. ఏమంటారు?

పత్తిచేను: వద్దన్నా. 2002లో బీటీ పత్తికీ ఇలాగే చెప్పారు.

మొలక: పత్తిచేను గారూ, రెండూ ఒకటి కాదు. బీటీ పత్తిలో బాక్టీరియా జన్యువు పెట్టారు. కమలలో బయటి జన్యువు ఏదీ లేదు. వరిలో సైటోకైనిన్ అనే హార్మోన్‌ను విరగ్గొట్టే ఎంజైమ్ ఉంటుంది. దాన్ని తయారు చేసే జన్యువు పనిచేయకుండా చేశారు. దాంతో హార్మోన్ నిలబడి కంకికి గింజలు పెరిగాయి. ఇలాంటి మార్పు ప్రకృతిలోనూ వస్తుంది.

పత్తిచేను: మార్చారా, లేదా? అది చెప్పండి చాలు.

మొలక: మార్చారు. కానీ బయటిది పెట్టలేదు.

పత్తిచేను: మార్చారు కదా!

చిట్టిముత్యాలు: అన్నం రుచి మారుతుందా? ఎవరైనా తిన్నారా?

మొలక: ఎంతసేపూ ఆ ఒక్క మాటే పట్టుకుంటే ఎలా? చదవకుండా భయపెట్టకండి.

పత్తిచేను: చదవకుండానా? పురుగు మందే అక్కర్లేదని చెప్పి అమ్మిన ప్యాకెట్లు నాలుగెకరాల్లో పెట్టాను. దసరా దాటాక చేలో అన్నీ విచ్చుకోని గుడ్డిపూలే. పైకి నున్నగా ఉన్న కాయ పగలదీస్తే లోపల గులాబీ పురుగు, గింజ తినేసి, దూది నల్లబడి. దుకాణం వాడు బిల్లు చూసి మొహం తిప్పుకున్నాడు. ఆ ఏడాది మా ఆవిడ గాజులు తాకట్టులో ఉన్నాయి. మీరు ఎంజైమ్ అంటారు.

శివారు_మడి: అన్నా, నా బాధ కూడా విను. మాది సాగర్ కుడి కాలువ చివర. బీపీటీ పాలు పోసుకునే టైమ్‌కి నీళ్లు ఆగిపోతాయి. ఒక్క తడి అందక రెండుసార్లు సగం తాలు కొట్టింది. ఆ 20 రోజులే నాకు పంట.

పత్తిచేను: నీకు నీళ్ల కష్టం నిజమే తమ్ముడూ. నేను అడిగేది విత్తనం ఎవరిదని. పత్తి హైబ్రిడ్ కాబట్టి ఏటా కొనాల్సిందే. బీపీటీ అలా కాదు. కళ్లంలో మంచి కంకులు ఏరి, ఉప్పునీళ్లలో తాలు తేల్చి, మండె కట్టి మొలకెత్తుతుందో లేదో చూసుకుంటాను. పదేళ్లుగా వరి విత్తనం కొనలేదు. రేపు దీన్నీ దుకాణానికి కట్టేస్తే?

మొలక: ఇది ముందే అడిగి ఉండాల్సింది. కమల హైబ్రిడ్ కాదు, సూటి రకం, అంటే పండిన గింజనే మళ్లీ విత్తనంగా వేసుకోవచ్చు. 2001 నాటి మొక్కల రకాలు, రైతు హక్కుల చట్టం ప్రకారం రైతు విత్తనం దాచుకోవచ్చు, ఇచ్చిపుచ్చుకోవచ్చు. అయితే జన్యువును ఎడిట్ చేసే క్రిస్పర్ పద్ధతి పేటెంట్లు విదేశీ సంస్థల దగ్గర ఉన్న మాట నిజం. వాళ్లతో ఒప్పందం ఏమిటో ప్రభుత్వం బయటపెట్టాలని నేనూ అంటాను.

పత్తిచేను: ఇంకోటి. బయటి జన్యువు లేని ఎడిటింగ్‌కు 2022లో జన్యుమార్పిడి నిబంధనల నుంచి మినహాయింపు ఇచ్చేశారు. సంచి మీద ‘ఎడిట్ చేసినది’ అని రాయకపోతే నా బీపీటీలో కలిసినా నాకు తెలియదు.

మొలక: రాయాలి. కాదనను. కానీ ఆపేయాలంటే మాత్రం ఒప్పుకోను.

పత్తిచేను: రాసేదాకా ఆపాలంటాను.

శివారు_మడి: పేటెంట్ సంగతి మా వ్యవసాయాధికారిని రాతపూర్వకంగా అడుగుతాను. జవాబిస్తే ఇక్కడ పెడతాను. అందాకా పాత బీపీటీనే.