డెబ్బై దాటిన అమ్మ నిద్రమాత్ర: మాన్పించాలా, వదిలేయాలా?

తూరుపుగాలి: అమ్మకు 74. నాన్న పోయినప్పుడు నిద్ర పట్టడానికని ఆల్ప్రజోలామ్ రాశారు. నెల రోజులకని రాసింది పదకొండేళ్లుగా నడుస్తోంది. రాత్రి మెలకువ వస్తే ముందు దిండు కింద ఆ స్ట్రిప్ ఉందో లేదో తడుముకుంటుంది. పోయిన నెల బాత్రూమ్‌లో పడింది. మెల్లగా మాన్పిద్దామని కొత్త డాక్టర్ అంటున్నారు. ఈ వయసులో ఆమెను బాధపెట్టొద్దని అన్నయ్య. మీరేమంటారు?

నీలిమేఘం: అన్నయ్య చెప్పిందే కరెక్ట్. ఇంకెన్నాళ్లని? ప్రశాంతంగా ఉండనివ్వండి.

వానచినుకు: "ఇంకెన్నాళ్లు" అనడం అన్యాయం. 74 అంటే ఇంకో పదేళ్లు హాయిగా తిరగాల్సిన మనిషి. తుంటి ఎముక విరిగితే ఆ తిరగడమే పోతుంది. వయసు పెరిగేకొద్దీ లివర్ ఇలాంటి మందుల్ని నెమ్మదిగా అరగదీస్తుంది, మెదడు మీద వాటి ప్రభావం పెరుగుతుంది. 63లో సరిపోయిన మోతాదే 74లో ఎక్కువైపోతుంది. తూలినా, మాట మర్చిపోయినా వయసు మీద పడిందిలే అనుకుంటాం. అమెరికా వృద్ధవైద్యుల బీర్స్ జాబితా కూడా 65 దాటినవాళ్లకు ఈ రకం మాత్రలు వీలైనంతవరకు వద్దనే చెబుతోంది.

రావిఆకు: ఒక్క మాట. డాక్టర్ రాసిన మాత్రను వ్యసనం అనకండి. మా అమ్మా వాడుతుంది. ఆమెను తాగుబోతుల లెక్కలో కలపొద్దు.

వానచినుకు: వ్యసనమని నేనెక్కడ అన్నాను? చెప్పినట్టే వేసుకునేవాళ్లు మాత్రకు అలవాటు పడినా, ఆపితే ఇబ్బంది పడినా, అంతమాత్రాన దాన్ని వ్యసనంగా లెక్కించొద్దని మానసిక వైద్యులు రోగ నిర్ధారణకు వాడే 2013 నాటి డీఎస్ఎమ్-5 పుస్తకంలోనే ఉంది. పేరు ఏదైనా పడిపోవడం ఆగదు కదా.

రావిఆకు: మొదటి పోస్టులో "మాన్పించడం" అన్నారు. ఆ మాట తాగుడుకే వాడతారు.

ఇనుపగజ్జె: మాట సంగతి వదిలేయండి. మా నాన్నకు 71. రోజూ తాగేవారు. వేరే ఆపరేషన్ కోసం ఆస్పత్రిలో చేర్చాం. తాగుతారా అని అక్కడ ఎవరూ అడగలేదు, సిగ్గుపడి మేమూ చెప్పలేదు. మూడో రోజు దుప్పటి మీద లేని చీమల్ని ఒక్కొక్కటే ఏరుతున్నారు. ఆ రాత్రే ఫిట్స్, ఐసీయూ. మాన్పించడం అంటే నాకు గుర్తొచ్చేది అదే.

వానచినుకు: చాలా బాధాకరం. కానీ అది మాన్పించడం కాదు, ఒక్కసారిగా ఆగిపోవడం. చివరిసారి తాగిన రెండు మూడు రోజులకు అలా రావచ్చు, ప్రాణం మీదకూ రావచ్చు. ముందే తెలిసుంటే థయమిన్ (బి1 విటమిన్), లోరాజెపామ్ (ఆల్ప్రజోలామ్ రకం మందే) ఇచ్చి కాచుకునేవారు. ఆల్ప్రజోలామ్‌నూ టక్కున ఆపితే ఫిట్స్ రావచ్చు. అందుకే రెండేసి వారాలకో మెట్టు చొప్పున నెలల తరబడి తగ్గిస్తారు.

ఇనుపగజ్జె: చదివి చెప్పడం తేలిక. ఆ మంచం పక్కన కూర్చున్నది నేను.

వానచినుకు: మీకు కష్టం వచ్చిందని అందరి అమ్మల్నీ పడనివ్వాలా?

నీలిమేఘం: ఇక ఆపండి! రాత్రుళ్లు ఎవరు మేలుకుంటారో ఒక్కరైనా అడిగారా? మా అత్తగారికి మాత్ర తగ్గిస్తే గంటకోసారి లేచి నన్ను పిలిచేవారు. పొద్దున్నే నాకు డ్యూటీ. మూడో వారం నా చేత్తోనే మళ్లీ పూర్తి మాత్ర ఇచ్చేశాను. ఆమె కోసం కాదు, నేను పడుకోవడం కోసం. తూరుపుగాలి గారూ, అమ్మ ఎవరి దగ్గర ఉంటున్నారు?

తూరుపుగాలి: అన్నయ్య దగ్గర. నేను ఫోన్‌లో కనుక్కుంటుంటాను.

నీలిమేఘం: అదీ సంగతి.

వానచినుకు: ఇనుపగజ్జె గారూ, మిమ్మల్ని కోపంలో మాట అన్నాను. నీలిమేఘం గారూ, మీరు చెప్పింది నాకు తట్టనే లేదు. ఇంకో సంగతి, అమ్మనే అడిగి చూడండి. 2014లో వెలువడిన కెనడా అధ్యయనంలో ఇలాంటి మాత్రల నష్టాలు, తగ్గించే పద్ధతి రాసిన చిన్న పుస్తకాన్ని నేరుగా పెద్దవాళ్ల చేతికే ఇచ్చారు. ఆరు నెలల్లో 27 శాతం మంది పూర్తిగా మానేశారు. పుస్తకం ఇవ్వనివాళ్లలో 5 శాతమే.

రావిఆకు: మిగతా 73 శాతం సంగతో?

తూరుపుగాలి: అన్నయ్య రాత్రుళ్లు ఎలా గడుస్తున్నాయో నేను ఎప్పుడూ అడగలేదు. మొదటి రెండు నెలలు నేనే వెళ్లి అమ్మ గదిలో పడుకుంటానని ఇవాళ చెబుతాను. అమ్మ ఒప్పుకుంటేనే మొదలుపెడతాం.

ఇనుపగజ్జె: వెళ్లేముందు ఆమె వేసుకునేవన్నీ డాక్టర్‌కు చూపించండి. దగ్గు సిరప్‌తో సహా. సిగ్గుపడి ఏదీ దాచకండి.