వరద సాయం: లిస్టు రాసుకుని ఇయ్యాల్నా, బండి ఆపి పంచాల్నా?

హంటర్‌రోడ్డు పిల్లగాడు:
2025 అక్టోబర్ చివర్ల మొంథా తుఫానుకు మా వరంగల్‌ల ఎన్టీఆర్ నగర్ సైడు మళ్ల మునిగింది కదా. మా దోస్తులం చందాలేసుకుని చాపలు, దుప్పట్లు, బియ్యం పంచినం. అప్పటిసంది మా వాట్సాప్ గ్రూపుల ఒకటే లొల్లి. ముందుగాల గల్లీలు తిరిగి పేర్లు రాసుకోవాలె, చీటీ ఉన్నోళ్లకే ఇయ్యాలె అని కొందరు. ఆకలైనోన్ని ఆధార్ కార్డు అడుగుడేంది, బండి ఆపి ఇచ్చుకుంట పోవుడే అని ఇంకొందరు. వచ్చే వానకాలం లోపట తెగ్గొట్టుకోవాలె. మీరేమంటరు?

కాజీపేట జంక్షన్:
బండి ఆపుడే. నువ్వు లిస్టు రాసేలోపు నీళ్లు తీస్తయి, మనుషులు చుట్టాలిండ్లకు పోతరు. ఇంక ఆ లిస్టు ఎవరు రాస్తరో తెల్వదా? లోకల్ లీడర్ మనిషొచ్చి కాయితం చేతుల పెడ్తడు. అండ్ల వాళ్లోళ్లే ఉంటరు.

ములుగురోడ్డు టీచరమ్మ:
కాజీపేట తమ్మీ, బండి ఎక్కడ ఆపుతవో ముందు చెప్పు. మెయిన్ రోడ్డు మీదనే కదా? అసలు తిప్పలంత అక్కడనే ఉంది.

2023 జూలై 27 యాదికి తెచ్చుకో. ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటల 24 గంటలల్ల 649.8 మిల్లీమీటర్ల వాన. తెల్లారేసరికి మోరంచపల్లి జనం మిద్దెలెక్కిర్రు, హెలికాప్టర్లు దిగినయి, టీవీలన్నీ చూపెట్టినయి. ఆ ఊరు పరకాల-భూపాలపల్లి రోడ్డు పొంటే ఉంటది, బండి ఊళ్లెకే పోతది. అదే జంపన్నవాగు ముంచిన కొండాయి ఊరికి పోదామంటే దొడ్ల కాడి వంతెనే కొట్టుకపోయింది. మోరంచపల్లిల కూడ ప్రాణాలు పోయినయి, వాళ్లకు ఇయ్యద్దంటలేను. సాయం రోడ్డున్న తావుకే పోతదంటున్న.

కాలనీలల్ల కూడ గదే కథ. హారన్ ఇనంగనే ఉరికొచ్చేది మొగపోరగాండ్లు. లోపటి గల్లీల ఆడామె చీర చెక్కుకుని పారతోని బురద గుంజుతుంటది. తలుపు తడిసి ఉబ్బి మూతపడదు, ఇల్లిడిసి వస్తె సామానెవరు చూడాలె? ఆమె వచ్చేసరికి బండి మర్లిపోతది. ముంగటింట్ల నాలుగు దుప్పట్లు, ఎనకింట్ల ఒకటి లేదు. కండ్లార చూసిన.

లిస్టంటే లీడర్ కాయితం కాదు, రేషన్ కార్డూ కాదు. కిరాయికున్నోళ్ల కార్డు నర్సంపేటల ఉంటది, డోర్నకల్‌ల ఉంటది, మునిగింది మాత్రం ఇక్కడ. గడపలకు పోయి గోడ మీద బురద గీత చూడాలె. స్విచ్‌బోర్డు దాకా గీత ఉన్నదంటే ఆ ఇంట్ల పరుపు, బియ్యం, పిల్లల పుస్తకాలు అన్నీ పోయినట్టే, ఎవరినీ అడుగ పనిలేదు. ఎంతమంది, పసిపిల్లలున్నరా, పొయ్యి అంటుకుంటుందా, గంత రాసి చీటీ ఇస్తె చాలు.

సుతారి మేస్త్రి:
టీచరమ్మా, మేము మీద రేకుల షెడ్డుల కిరాయికుంటం. మా గోడకు గీత పడలే. మరి వారం దినాలు పని బందయింది, కూలి లేదు. కింద ఓనరింట్ల నీళ్లొచ్చినయని ఆయనకు బియ్యం ఇచ్చిర్రు, మాకు చీటీ రాయలే. ఆయనకు మూడంతస్తులుంది.

కాజీపేట జంక్షన్:
గిదే నేను చెప్పేది!

పేరు చెప్పను:
మా ఇల్లు మునిగింది కాబట్టి చెప్తున్న. లైన్ల నిలబడి చేయి చాపుడు నా వల్ల కాలే. ఫోను పట్టుకుని "ఇటు చూడమ్మా" అంటుంటే మా అత్తమ్మ కొంగు అడ్డం పెట్టుకుంది. చీటీ అయితే ఇంటికే తెచ్చిస్తరు, జర నయం. ఇంకోటి. బిర్యానీ పాకెట్లు తినలేనన్ని వచ్చినయి, సగం మోరీల పడ్డయి. సంపులకెల్లి బురదనీళ్లు తోడనీకి మోటర్ ఒక్కటి తెచ్చినోడు లేడు. బ్లీచింగు, వైపర్, పొరక, చిన్న గ్యాస్ పొయ్యి, గివి అడిగితె "మా దగ్గర లేవక్కా" అన్నరు. పాత బట్టలు మాత్రం బడి వరండల గుట్ట పోసిర్రు. పెండ్లి షేర్వానీ కూడ ఉండె అండ్ల, ఎవరికొరకో మరి. ఆఖరికి మున్సిపాలిటోళ్లు ట్రాక్టర్‌ల ఏసుకపోయిర్రు.

మడికొండ:
మొదటి రెండు దినాలు లిస్టు వద్దు, వండిన బువ్వ, నీళ్లు. మూడోనాటి సంది లిస్టు. ఐపాయె.

ములుగురోడ్డు టీచరమ్మ:
బువ్వకు లిస్టు నేను కూడ అడుగను తమ్మీ. కని బండి మాత్రం ముందుగాల ఎనక గల్లీకి పోవాలె. ట్రాలీ పట్టకపోతె డబ్బాలు భుజాన మోసుకపోవాలె. మేస్త్రి అన్నా, నువ్వన్నది ఖరారే. గీత చూసి సామాను ఇయ్యొచ్చు, బియ్యానికి మాత్రం పని బందైనోళ్లను కూడ రాసుకోవాలె.

కాజీపేట జంక్షన్:
పని బందైందని ప్రతోడు చెప్తడు. ఎట్ల తేలుస్తరు? మళ్ల లీడర్‌నే అడుగుతరు.

సుతారి మేస్త్రి:
లీడర్‌ను ఎందుకు? పొద్దుగాల అడ్డ మీద నిలబడేటోళ్లు ఎవరో అడ్డ మీదోళ్లకు ఎరికే. మా మేస్త్రీలను అడుగుండ్రి.

హంటర్‌రోడ్డు పిల్లగాడు:
ఇది మంచిగుంది అన్నా. కని మా గ్రూపుల పంచే దినం బ్యానర్ ఎనక నిలబడనీకి అందరొస్తరు, బురదల గల్లీలు తిరిగి రాయనీకి రమ్మంటె ఫోన్లు స్విచాఫ్. జూన్‌లనే గల్లీకి ఇద్దర్ని అనుకుని పెట్టుకుంట. కాజీపేట అన్నా, లిస్టు మీద నీకు నమ్మకం లేదు కదా, నువ్వే వచ్చి రాయరాదు?

కాజీపేట జంక్షన్:
వస్త. బ్యానర్ ఉంటె మాత్రం రాను.