విశాఖకు క్రూజ్ ఓడ జూలైలోనే ఎందుకు రావాలి?

నల్గొండ బత్తాయి:
నాలుగేళ్లుగా మా ఇంట్లో ఓడ ప్రయాణం మాట నడుస్తున్నది. సాయంత్రం నల్గొండలో విశాఖ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లారేసరికి విశాఖలో దిగవచ్చు కాబట్టి, మాకు ముంబై కన్నా అదే సులువు. అక్కడ సుమారు 96 కోట్ల రూపాయల ఖర్చుతో అంతర్జాతీయ క్రూజ్ టెర్మినల్ కట్టి 2023 సెప్టెంబరులో ప్రారంభించారు కూడా. అయితే మనలాంటివాళ్లు ఎక్కగల ఓడ ఎప్పుడు వచ్చిందో చూడండి: టెర్మినల్ లేనప్పుడు 2022 జూన్‌లో వచ్చింది, టెర్మినల్ వచ్చాక 2025 జూలైలో వచ్చింది. రెండూ బడులు తెరిచే రోజుల చుట్టుపక్కలే, రెండూ వానాకాలమే. సంక్రాంతి సెలవుల్లో అక్కడ ఎక్కడానికి ఓడే లేదు. ప్రజల సొమ్ముతో టెర్మినల్ కట్టినప్పుడు, డిసెంబరు, జనవరి నెలల్లో ఇన్నిసార్లు రావాలని కంపెనీలకు ముందే షరతు పెట్టి ఉండాల్సిందని నా వాదన. కాదనేవారు కారణం చెప్పండి.

మిర్యాలగూడ కోత మిషన్:
కాదనేవాడిని నేను. నాకు ఓడల సంగతి తెలియదు గానీ, రెండు వరికోత మిషన్లు ఉన్నాయి, వాటి కిస్తీల సంగతి బాగా తెలుసు. సాగర్ ఎడమ కాలువ కింద వానాకాలం కోతలు మొదలు కావడానికి ముందే ఎక్కడ చేను పండిందో ఫోన్లు చేసి కనుక్కుంటాం. మన దగ్గర ఇంకా పచ్చిగా ఉంటే మిషన్‌ను లారీ మీద ఎక్కించి కర్ణాటకలో తుంగభద్ర ఆయకట్టుకు పంపుతాం. ఆ లారీ కిరాయి మాకు దండుగే, అయినా పంపుతాం, ఎందుకంటే మిషన్ షెడ్డులో నిలబడ్డా బ్యాంకు కిస్తీ నిలబడదు. ఒక ఊరి పెద్దమనిషి నాతో, మా ఊళ్లో రోడ్డు బాగా వేయించాం కాబట్టి మీ మిషన్ ముందు మా ఊరికే రావాలి అన్నాడు. రోడ్డు బాగుంటే సంతోషమే, కాని నాకు కావలసింది పండిన చేను. టెర్మినల్ కూడా అటువంటి రోడ్డే అని నాకు అనిపిస్తున్నది.

ఓడలో ఏడేళ్లు (దేవరకొండ):
మిషన్ అన్న పోలిక సరిగ్గా కుదిరింది. నేను విదేశీ క్రూజ్ ఓడల్లో హౌస్‌కీపింగ్‌లో ఏడేళ్లు పనిచేశాను. వేసవిలో అలస్కా లేదా మధ్యధరా సముద్రం, చలికాలంలో కరీబియన్, ఇదే చాలా ఓడలకు ఏటా జరిగే వలస. అలస్కాలో మే నుంచి సెప్టెంబరు దాకా డెక్కు మీది కుర్చీల్లో ఉన్ని దుప్పట్లు మడత పెట్టి ఉంచేవాళ్లం. కరీబియన్‌కు దిగగానే అవి స్టోరులోకి పోయి, అదే కుర్చీల మీదికి ఈత కొలను తువ్వాళ్లు వచ్చేవి. మధ్యలో ఒక సముద్రం నుంచి ఇంకో సముద్రానికి ఓడను తరలించే ప్రయాణాలు ఉంటాయి. వాటికి వెళ్లడమే గాని తిరిగి రావడం ఉండదు, దారిలో రేవులూ తక్కువ, అందుకే సాధారణంగా టికెట్టు చవక. అన్న చెప్పిన లారీ కిరాయిలో కొంతైనా రాబట్టుకోవడానికే ఆ టికెట్లు అమ్ముతారు. 2024లో ఎర్ర సముద్రంలో దాడుల భయం ఉన్నప్పుడు దుబాయి వైపు ఉన్న కొన్ని ఓడలను, ప్రయాణికులు లేకుండానే, ఆఫ్రికా చుట్టూ తిప్పి యూరప్‌కు చేర్చారు. ఖాళీ ఓడకు అన్ని వారాల ఇంధనం పోయడానికి ఒప్పుకున్నారంటే, ఎదురుగా నిండే సీజన్ ఎంత విలువైనదో ఊహించండి.

ఇక విశాఖ సంగతి. 2021 నుంచి కొన్నేళ్ల పాటు మన దేశాన్నే స్థావరంగా చేసుకుని తిరిగిన పెద్ద ఓడ ఒక్కటే, ఎంప్రెస్. అది 1990లో కట్టిన ఓడ, సుమారు 1,800 మందిని మోస్తుంది. చలికాలంలో దానికి ముంబై నుంచి గోవా, కొచ్చి, లక్షద్వీప్ ఉన్నాయి. నైరుతి రుతుపవనాలతో పడమటి తీరంలో సముద్రం రేగే నెలల్లో అది తూర్పు తీరానికి, చెన్నైకి వస్తుంది. 2023 నుంచి చెన్నైతో పాటు శ్రీలంక రేవులు కూడా దాని దారిలో చేరాయి. క్రూజ్ వ్యాపారానికి కావలసింది రాత్రి భోజనం చేసి పడుకుంటే తెల్లారి ఇంకో ఊరు కనిపించడం. విశాఖ నుంచి ఒక రాత్రి దూరంలో దిగి చూడదగ్గ ఊరు ఏముందో మీరే చెప్పండి. అండమాన్‌కు మామూలు ప్రయాణికుల ఓడకే రెండు రోజులకు పైగా పడుతుంది. అందువల్ల విశాఖ చెన్నై ప్రయాణానికి ఒక కొసగా మాత్రమే మిగిలింది.

పాలమూరు పంతులు:
ఇద్దరి వాదనలోనూ నిజం ఉన్నది. కాని అది కంపెనీ బల్ల మీద పరిచిన పటం మాత్రమే. చేనుకు నోరు లేదు, రేవుకు ఉన్నది. ముప్పై ఏళ్లు భూగోళం చెప్పినవాణ్ని కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపిక పట్టండి.

ఓడల దారిని ఊళ్లు, చట్టాలు మార్చిన ఉదాహరణలు కావలసినన్ని ఉన్నాయి. వెనిస్ నగరం నడిబొడ్డున ఉన్న కాలువ గుండా 25,000 టన్నులు దాటిన ఓడలు పోరాదని ఇటలీ ప్రభుత్వం 2021 ఆగస్టు నుంచి నిషేధించింది, దాంతో పెద్ద ఓడలు మార్ఘెరా, రవెన్నా, ట్రియెస్ట్ వంటి రేవులకు మళ్లాయి. అలస్కాలోని జూనో పట్టణం ముప్పై వేల పైచిలుకు జనాభా గల ఊరు, అంటే మన జిల్లా కేంద్రాలతో పోలిస్తే చాలా చిన్నది. అది కంపెనీలతో కూర్చుని మాట్లాడి, 2024 నుంచి రోజుకు ఐదు పెద్ద ఓడలకు మించి రాకుండా ఒప్పందం చేసుకున్నది. అన్నిటికన్నా విచిత్రం, అమెరికాలో 1886 నాటి ఒక చట్టం ప్రకారం విదేశీ జెండా కట్టిన ఓడ ఒక అమెరికన్ రేవులో ఎక్కించుకున్నవారిని మధ్యలో విదేశీ రేవు తాకకుండా ఇంకో అమెరికన్ రేవులో దించరాదు. సియాటిల్‌లో ఎక్కించుకుని అక్కడే దించే అలస్కా ఓడలు కూడా ఆ చట్టం వల్లనే దారిలో కెనడా రేవు ఒకటి తాకుతాయి. 2021లో కెనడా తన రేవులు మూసేస్తే అమెరికా పార్లమెంటు ప్రత్యేకంగా తాత్కాలిక చట్టం చేస్తేనే ఆ ఏడు అలస్కా సీజన్ గట్టెక్కింది.

వాతావరణమే అంతా నిర్ణయిస్తుందని కూడా అనుకోవద్దు. అట్లాంటిక్‌లో తుపానుల కాలం జూన్ నుంచి నవంబరు దాకా. అయినా ఆ నెలల్లోనూ కరీబియన్‌లో ఓడలు తిరుగుతూనే ఉంటాయి, అమెరికాలో పిల్లలకు వేసవి సెలవులు కాబట్టి. తుపాను వస్తే రేవు మార్చుకుంటారు, అంతే. మన దగ్గర మాత్రం బడి సెలవులను ఎవరూ లెక్కలోకి తీసుకోలేదన్న బత్తాయి గారి బాధ న్యాయమైనదే.

సాగర్ హిల్‌కాలనీ:
పంతులు గారూ, వెనిస్, జూనో రెండూ రావద్దని చెప్పిన ఊళ్లు. రావద్దనడం సులువు, రమ్మని బలవంతపెట్టడం వేరు. 2022లో పుదుచ్చేరి ప్రభుత్వం అనుమతి ఇవ్వకపోతే, విశాఖ నుంచి వెళ్లిన అదే ఓడ ప్రయాణికులు అక్కడ దిగలేకపోయారు. రేవుకు ఉన్న నోరు ‘వద్దు’ అనడానికే పనికొస్తుందని నాకు అక్కడే అర్థమైంది.

మా సాగర్‌లో చూడండి. ఇక్కడ లాంచీ నడిపేది సర్కారే, అయినా శ్రీశైలం దాకా వెళ్లే లాంచీ జలాశయం బాగా నిండితే తప్ప కదలదు. నిండు మట్టం 590 అడుగులు. పై నుంచి కృష్ణ వరద దిగివచ్చి, మట్టం ఆ దరిదాపులకు చేరితేనే నల్లమల కొండల నడుమ దారి తెరుచుకుంటుంది. మా చుట్టాలు వేసవి సెలవుల్లో వచ్చి లాంచీ ఏదని అడుగుతారు. గట్టు మీద నీటి గీత దిగిపోయి, రాళ్ల మీద ఎర్ర ఒండ్రు ఎండి పగుళ్లిచ్చిన చోటు చూపిస్తాను. సర్కారు సొంత లాంచీకే షరతు పెట్టలేనప్పుడు కంపెనీ ఓడకు ఎలా పెడుతుంది?

నల్గొండ బత్తాయి:
అక్కా, నీళ్లు లేకపోవడం వేరు, ఉన్న ఓడను వేరేచోట లాభానికి తిప్పుకోవడం వేరు. జనవరిలో విశాఖ సముద్రం జూలై కన్నా నెమ్మదిగానే ఉంటుంది కదా. అయితే ఒక మాట ఒప్పుకుంటాను. దేవరకొండ తమ్ముడు చెప్పిన ఒక రాత్రి దూరం లెక్క నేను ఎన్నడూ ఆలోచించలేదు. షరతు అన్న మాటను వెనక్కి తీసుకుని ఇలా మారుస్తాను: సంక్రాంతి రెండు వారాలకు విశాఖ రేవు రుసుము పూర్తిగా మాఫీ చేస్తామని చెప్పి చూడాలి. దానికీ రాకపోతే అప్పుడు మిషన్ అన్న గెలిచినట్టు.

మిర్యాలగూడ కోత మిషన్:
ఆ రెండు వారాల్లో ముంబైలో గదులు పూర్తి ధరకు అమ్ముడుపోతుంటే, రుసుము మాఫీ వాళ్ల చాయ్ ఖర్చుకు కూడా రాదు. మాఫీ ఇవ్వాలనుకుంటే వాళ్లకు బేరం తక్కువగా ఉండే వారాలు చూసి ఇవ్వాలి. నేను కూడా కోతలు సన్నగిల్లినప్పుడే కిరాయి తగ్గిస్తాను.

పాలమూరు పంతులు:
అంటే ఫిబ్రవరి. పరీక్షల ముందు నెల. బత్తాయి గారి పిల్లలకు అదీ పనికిరాదు.

నల్గొండ బత్తాయి:
పనికిరాదు. ఈసారి ఓడ జూలైలో విశాఖకు వస్తే బడికి నాలుగు రోజులు సెలవు చీటీ పంపి ఎక్కేద్దామని మా ఇంట్లో తీర్మానం అయింది. తమ్ముడూ, ఆ నెలలో అలలకు మా అమ్మ తట్టుకుంటుందా?

ఓడలో ఏడేళ్లు (దేవరకొండ):
బాల్కనీ గది కోసం పై అంతస్తుకు పోకండి. ఓడ పొడవులో సరిగ్గా నడుమ, కింది అంతస్తులో గది అడగండి, ఊపు అక్కడే తక్కువ. మొదటి రాత్రి అమ్మకు పెరుగన్నం లాంటి తేలిక భోజనం పెట్టండి. తల తిరుగుడు మందు అల మొదలయ్యాక కాదు, ఓడ కదలక ముందే డాక్టరు చెప్పినట్టు వేయాలి.