ఊరి పెద్దల మాట చరిత్రకు ఆధారమవుతుందా? (తెలంగాణ, 1946–51)

పాత పహాణీ:
తెలంగాణ సాయుధ పోరాటం గురించి ఈ మధ్య వస్తున్న గ్రామ చరిత్రలను వరుసగా చదువుతున్నాను. చాలావాటిలో కనిపించే ఆధారం ఒక్కటే: "ఊరి పెద్దలు చెప్పారు." 1948లో 15 ఏళ్ళున్నవారికి ఇప్పుడు 90 దాటాయి. కాబట్టి మనకు అందుతున్నది చాలా వరకు చూసినవారి మాట కాదు, వారి దగ్గర విన్నవారి మాట. 1948 ఆగస్టు 27న బైరాన్‌పల్లిలో రజాకార్లు, నిజాం పోలీసులు జరిపిన హత్యాకాండలో మృతుల సంఖ్య ఒకచోట 80 పైచిలుకని, మరోచోట 100 దాటిందని రాస్తున్నారు. అంత పేరుపడ్డ ఘటనకే లెక్క కుదరనప్పుడు, ఎవరూ వినని చిన్న ఊళ్ళ సంగతులను నోటిమాట మీద ఎలా నిలబెడతాం? ఆనాటి పత్రం లేని విషయాన్ని చరిత్రగా అచ్చువేయకూడదు. 30 ఏళ్ళు చరిత్ర పాఠం చెప్పినవాడిగా ఈ మాట అంటున్నాను.

మూడో తరం:
సార్, నేను ఈ అంశం మీదే పరిశోధన చేస్తున్నాను, అందుకే వివరంగా రాస్తున్నాను. పోలీసు చర్య (1948 సెప్టెంబర్‌లో భారత సైన్యం హైదరాబాద్ సంస్థానంలోకి రావడం) నాటి హత్యల గురించి మనం చూపించే ముఖ్యమైన పత్రం, భారత ప్రభుత్వం పంపిన సుందర్‌లాల్ కమిటీ నివేదిక. ఆ కమిటీ సభ్యులు 1948 చివర్లో హైదరాబాద్ సంస్థానంలోని జిల్లాల్లో తిరిగి, బాధితులను అడిగి, తక్కువలో తక్కువ 27,000 నుంచి 40,000 మంది చనిపోయి ఉంటారని అంచనా వేశారు. అంటే మీరు కోరుతున్న ఆ కాగితమే జనం నోటి నుంచి పుట్టింది. పైగా ప్రభుత్వం దాన్ని దశాబ్దాల పాటు ప్రచురించలేదు. కాగితం బయటికి రానన్నాళ్ళూ ఆ చావులు చరిత్ర కాకుండా పోయాయా?

పాత పహాణీ:
27,000కీ 40,000కీ మధ్య 13,000 ప్రాణాల తేడా ఉందమ్మా. అది లెక్క కాదు, ఊహ. నేను చెబుతున్నదీ అదే.

గడి ముందు వేపచెట్టు:
ఆ నివేదికే దాన్ని అంచనా అని చెప్పుకుంది కదా సార్. లెక్క అని ఎవరన్నారు?

తార్నాక పాఠకుడు:
ఇద్దరూ మరిచిపోతున్న సంగతి ఒకటుంది. తార్నాకలోని రాష్ట్ర పురావస్తు పత్రాగారంలో నిజాం కాలపు దస్త్రాలు గుట్టలుగా ఉన్నాయి. అవి ఉర్దూలో, అందులోనూ గొలుసుకట్టు షికస్తా రాతలో ఉంటాయి. నేను ఒక రెవెన్యూ దస్త్రం ముందు మూడు రోజులు కూర్చుని రెండు పుటలు మాత్రమే చదవగలిగాను. ఒకే పుట మీద ముగ్గురు అధికారుల చేతిరాతలు ఒకదాని అంచున ఒకటి ఇరుక్కుని ఉన్నాయి. పత్రమే ఆధారమని చెప్పేవారూ, పత్రం అబద్ధమని చెప్పేవారూ ముందు ఆ రాత చదవడం నేర్చుకోవాలి.

మూడో తరం:
ఒప్పుకుంటాను. అయితే చదవడం వచ్చినా దస్త్రంలో కొన్ని సంగతులు దొరకవు. పది లక్షల ఎకరాలు పంచామని ఉద్యమం చెప్పుకుంది. సైన్యం వచ్చాక దొరలు తిరిగివచ్చి చాలాచోట్ల ఆ భూమిని లాక్కున్నారు. ఉద్యమ సంఘం పంచిన చెలకను ఒక్క పంటకాలం దున్నినవాడి పేరు 1954–55 ఖాస్రా పహాణీలో (ప్రభుత్వ భూమి రికార్డులో) ఎక్కడ వెతకాలి?

ఇక నోటిమాట నిలకడ గురించి. మా జేజి చెప్పింది నేను రికార్డు చేశాను. ఆమెకు సంవత్సరం తెలియదు, తేదీ తెలియదు. "చవితి పోయిన వారానికి మిలట్రీ దిగిందని తెలిసింది, అప్పుడు జొన్నచేలు మోకాళ్ళ మీదికి వచ్చినయి" అన్నది. పంచాంగం లెక్కకట్టి చూశాను. 1948లో వినాయక చవితి సెప్టెంబర్ 7న వచ్చింది, సైన్యం 13న సరిహద్దు దాటింది. పత్రంతో సరిపోయే మాట ఆమె పత్రం చూడకుండానే చెప్పింది.

పాత పహాణీ:
చవితి ఏటా వస్తుంది. ఆమె చెప్పింది ఆ ఏటి చవితేనని మీకెలా తెలుసు?

గడి ముందు వేపచెట్టు:
సైన్యం ఏటా రాలేదు కదండీ.

తార్నాక పాఠకుడు:
జ్ఞాపకం తప్పినప్పుడు కూడా అది పనికిరానిది కాదు. ఇటలీలోని తెర్ని పట్టణంలో 1949లో లుయీజీ త్రస్తుల్లి అనే కార్మికుడు నాటో వ్యతిరేక ప్రదర్శనలో పోలీసుల చేతిలో చనిపోయాడు. తర్వాతి కాలంలో ఆ ఊరి కార్మికుల్లో చాలామంది, అతను 1953లో పని నుంచి తొలగింపుల మీద జరిగిన పోరాటంలో చనిపోయాడని చెప్పారు. మౌఖిక చరిత్రకారుడు అలెస్సాండ్రో పోర్తెల్లి ఆ పొరపాటును పారేయకుండా, ఆ ఊరు ఆ చావును ఎందుకు జరిపి పెట్టుకుందని ప్రశ్నించాడు. అసలు తేదీని పత్రమే చెప్పింది, ఆ తేదీ ఎందుకు మారిందో మాత్రం మనుషులే చెప్పగలిగారు.

పాత పహాణీ:
ఆ మాట పరిశోధకులకు బాగానే ఉంటుంది. తేదీ జరిగితే ఎవరికీ నష్టం లేదు. నేరం ఒకరి మీది నుంచి ఇంకొకరి మీదికి జరిగితే?

మూడో తరం:
సార్, కాగితం కూడా నేరం మోపుతుంది. మా తాత 1949లో అరెస్టయ్యాడు. ఆ కేసు కాగితం నకలు మా ఇంట్లో ఉంది. అందులో ఆయన వృత్తి గడిలో "బందిపోటు" అని రాశారు. ఆయన ఆ ఊరిలో మగ్గం నేసేవాడు. మీ సూత్రం ప్రకారం మా తాత చరిత్రలో బందిపోటుగానే మిగిలిపోవాలి. కాగితం రాయించే చేతులు ఎవరివో, అందులో పేర్లు ఎక్కింది ఎవరివో తెలిసి కూడా మీరు ఇలా మాట్లాడుతున్నారంటే, మీ పెద్దలు ఊరి భూమి లెక్కలు రాసే పట్వారీలై ఉంటారని అనుకోవలసివస్తోంది.

పాత పహాణీ:
పట్వారీలే. దాచవలసిన అవసరం నాకు లేదు. మా ఊరి మీద కొన్నేళ్ళ క్రితం వచ్చిన పుస్తకంలో, దళం దాగిన చోటును రజాకార్లకు మా తాత చూపించాడని పేరుతో సహా రాశారు. ఒక్క ముసలాయన మాట, వేరే ఏ ఆధారమూ లేదు. చూపించాడో లేదో నాకు తెలియదు. చూపించలేదని రుజువు చేసే కాగితం కూడా ఎక్కడా లేదు. ఆ పుస్తకం వచ్చాక మా నాన్న ఊరికి వెళ్ళడం మానేశాడు, అక్కడి పెళ్ళిళ్ళకు కూడా. చనిపోయాక అస్థికలైనా ఆ చెరువులో కలపమని అడగలేదు. నేను సూత్రం గురించి మాట్లాడుతున్నానని మీరనుకుంటున్నారు.

గడి ముందు వేపచెట్టు:
ఈ మాట మొదటే చెప్పి ఉంటే బాగుండేది సార్.

మూడో తరం:
పట్వారీలని అన్న మాటకు క్షమించండి సార్. అయితే ఆ ముసలాయనను అడిగినవారు చేయవలసిన పని చేయలేదని నాకనిపిస్తోంది. ఆ రోజు ఆయన ఎక్కడ నిలబడి ఉన్నాడు, కళ్ళతో చూశాడా, విన్నాడా, మీ తాతగారితో ఏదైనా భూమి తగాదా ఉందా అని అడగాలి. మరో ఇంటివారినీ, ముఖ్యంగా మీ నాన్నగారినీ అడగాలి. దీన్ని నోటిమాట లోపం అనలేను. ఇది అడిగినవారి లోపం.

పాత పహాణీ:
మా నాన్నను ఎవరూ అడగలేదు.

తార్నాక పాఠకుడు:
ఆ ముసలాయన మాట రికార్డు చేసిన టేపు ఎవరి దగ్గరైనా ఉందా?

పాత పహాణీ:
రచయితను అడిగాను. టేపు లేదు, నోటుబుక్కులో రాసుకున్నానని, అది కూడా ఇల్లు మారినప్పుడు పోయిందని చెప్పారు. ముసలాయన పుస్తకం రాకముందే చనిపోయారు. ఆయన చిన్న చెల్లెలు మాత్రం ఇంకా ఉన్నారట, జనగామ దగ్గర కూతురి ఇంట్లో.

మూడో తరం:
మీకు అభ్యంతరం లేకపోతే నేను వెళ్ళి అడుగుతాను. మీరు కూడా రండి సార్. ఆమె ఏం చెప్పినా, మీకు నచ్చని మాటైనా, పూర్తిగా రికార్డు చేసి ఒక ప్రతి మీకు ఇస్తాను.

పాత పహాణీ:
రెండు రోజులు ఆలోచించుకోనివ్వమ్మా. ఆమె వయసు ఎంతో కనుక్కుని చెప్పు.