అప్‌డేట్: కళాశాల వార్తాలేఖ వెబ్‌సైట్‌లో గజిబిజిగా కనిపించే సమస్య తీరింది

మా డిగ్రీ కళాశాల వార్తాలేఖలోని బదిలీలు, పదవీ విరమణలు, రాబోయే కార్యక్రమాల వివరాలు అచ్చులో సరిగ్గానే ఉన్నా, అవే వెబ్‌సైట్‌లో పెడితే అర్థంలేని ఇంగ్లిషు అక్షరాలుగా, గుర్తులుగా కనిపిస్తున్నాయని ఇక్కడ అడిగాను. సలహాలిచ్చిన అందరికీ కృతజ్ఞతలు.

ఫాంటే కారణమన్న సభ్యుల మాటే నిజమైంది. డీటీపీ ఆపరేటర్ గారు ఫైలు తెరిచి చూపించారు: పేజ్‌మేకర్ అనే పేజీలు కూర్చే పాత సాఫ్ట్‌వేర్‌లో ‘అను’ అనే తెలుగు ఫాంటుతో కూర్చిన పాఠంలో ఉండేవి నిజానికి ఇంగ్లిషు అక్షరాల సంకేతాలే కాబట్టి, ఆ ఫాంటు లేనిచోట అవి తెలుగుగా కనిపించవు. ‘అను’ నుంచి యూనికోడ్‌కు (ప్రతి తెలుగు అక్షరానికీ అన్ని పరికరాల్లోనూ ఒకే సంకేతం ఉండే పద్ధతికి) మార్చే కన్వర్టర్‌లో వేసి, పేజీకి ‘మండలి’ అనే యూనికోడ్ ఫాంటు పెట్టాక ఫోన్లలోనూ చక్కగా వస్తోంది.

అయితే మార్చిన పాఠాన్ని అక్షరం అక్షరం సరిచూడక తప్పదు. ఒత్తులు కొన్నిచోట్ల పక్క అక్షరానికి జరిగాయి. పదవీ విరమణ చేస్తున్న మా లైబ్రేరియన్ మేడమ్ గారి అభినందన వ్యాసంలో ‘గ్రంథాలయం’ అన్న మాటే విరిగిపోయింది. ఆ వ్యాసం ఒక్క తప్పూ లేకుండా రావాలన్నది మా అందరి పట్టుదల కనుక, అచ్చు ప్రతి పక్కన పెట్టుకుని ఒకరు చదువుతుంటే మరొకరు దిద్దాం.

బ్రౌజర్ మార్చడం, క్యాష్ (బ్రౌజర్ దాచుకునే పాత పేజీల నకళ్లు) తుడవడం లాంటి వాటితో ఈ సమస్య తీరదు. ఆగస్టు 29న, గిడుగు రామమూర్తి గారి జయంతి నాడు జరిగే తెలుగు భాషా దినోత్సవ ఆహ్వానాన్ని నేరుగా యూనికోడ్‌లోనే టైపు చేశాం. పేజ్‌మేకర్ యూనికోడ్‌ను తీసుకోదు కనుక అచ్చుకు ఇన్‌డిజైన్ అనే సాఫ్ట్‌వేర్ వాడుతున్నాం.