అప్‌డేట్: ఉప్పునీటి పూల్‌లో క్లోరిన్ 3 ఉన్నా పాచి పట్టడం (పరిష్కారమైంది)

నా ఉప్పునీటి స్విమ్మింగ్ పూల్‌లో క్లోరిన్ 3 పీపీఎం (పది లక్షల భాగాల నీటిలో 3 భాగాలు) ఉన్నా పాచి ఎందుకు పడుతోందని ఇక్కడ అడిగాను. సాయం చేసిన అందరికీ ధన్యవాదాలు. అసలు కారణం స్టెబిలైజర్ (ఎండకు క్లోరిన్ పోకుండా కాపాడే సయన్యూరిక్ యాసిడ్; మరీ ఎక్కువైతే క్లోరిన్ పనిని మందగింపజేస్తుంది) బాగా ఎక్కువ కావడమే. నీళ్లు పరీక్షించే నా కిట్ స్టెబిలైజర్ 100 దాటితే చూపించదు. ఇక్కడ ఒకరు చెప్పినట్టు పూల్ నీళ్లలో సగానికి సగం కుళాయి నీళ్లు కలిపి పరీక్షించి, వచ్చిన అంకెను రెట్టింపు చేస్తే 160 పీపీఎం తేలింది! అంత స్టెబిలైజర్‌కి 3 పీపీఎం క్లోరిన్ ఏ మూలకీ చాలదు. పాత యజమాని ఏళ్ల తరబడి వేసిన ట్రైక్లోర్ బిళ్లల (క్లోరిన్‌తో పాటు స్టెబిలైజర్‌ని కూడా నీళ్లలో కలిపేవి) ఫలితమిది. క్లోరిన్ ఖర్చవుతుంది, స్టెబిలైజర్ మాత్రం నీళ్లలోనే ఉండిపోతుంది.

సగం నీళ్లు మార్చాక స్టెబిలైజర్ 80కి దిగింది. ఉప్పు మళ్లీ కలపాల్సి వచ్చింది, అది మరవకండి. మిగిలిన పాచి పోయేదాకా లిక్విడ్ క్లోరిన్ వేసి, బ్రష్ చేశాను. ఇప్పుడు క్లోరిన్‌ని 5 దగ్గర ఉంచుతున్నాను, నీళ్లు తేటగా ఉన్నాయి.

కొందరు సెల్ (ఉప్పునీటి నుంచి క్లోరిన్ తయారుచేసే భాగం) మార్చమన్నారు కదా, టెక్నీషియన్ చూసి బాగానే ఉందన్నారు. ఫాస్ఫేట్ రిమూవర్ (పాచికి ఆహారమయ్యే ఫాస్ఫేట్‌ని తీసేసే మందు) అవసరమే పడలేదు.